ఆఖరి లైను దాకా చదవండి

తలుపు తీసి ఉంది.

తీసి ఉండకూడదు!

కర్ఫ్యూ మొదలైంది. చీకటి పడ్డాక ఈ వీధిలో కుక్క కూడా గడప దాటదు. మరి డెంటిస్ట్ గారింటి తలుపు ఇలా బార్లా తెరిచి ఉండడమేమిటి?

"డాక్టర్ గారూ..."



ఆమె ఫోన్ లైటు వేసి, అరచేత్తో సగం మూసి, లోపలికి అడుగు పెడుతుంది. ముందు గది క్లినిక్కు, వెనక గది ఇల్లు. రోగులు కూర్చునే బెంచీ పక్కకు పడిపోయి ఉంది. నేలంతా ప్లాస్టర్‌తో చేసిన పళ్ల అచ్చులు. ఒకటి చెప్పు కింద పడి పటుక్కుమంటుంది.

ఆమె అక్కడే ఆగిపోతుంది.

రోగుల కుర్చీలో ఎవరో వెనక్కి వాలి ఉన్నారు.

డెంటిస్టే!

"సార్..." భుజం పట్టుకుని కుదుపుతుంది. మనిషి మొత్తం కర్రలా కదులుతాడు. తెల్లకోటు ముందు భాగమంతా నల్లగా అట్టకట్టి ఉంది.

ఆమె చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంటుంది.

ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్ ఆమె. రక్తం కొత్త కాదు. ఇప్పటి రక్తమేదో, పొద్దుటి రక్తమేదో చూడగానే తెలుస్తుంది. ఇది పొద్దుటిది.

అంటే ఈయన పొద్దున్నే పోయాడు!

మరి మధ్యాహ్నం ఈయన ఫోన్ నుంచి, ఎప్పట్లాగే ఇంగ్లీషులో, మెసేజ్ వచ్చిందే?

*ఎంబసీ నుంచి కొత్త హెచ్చరిక. మనల్ని తీసుకెళ్లే బస్సు ఏ క్షణంలోనైనా రావచ్చు. మన వాళ్ల తలుపులకు పైన ఎడమ మూల నీలం టేపు అంటించండి. గుర్తు లేని ఇంటి దగ్గర బస్సు ఆగదు.*

వచ్చింది. చదివింది. అంటించింది. తన బిల్డింగులో తన వాళ్లున్న ఐదు తలుపులకీ, తన చేత్తోనే!

చచ్చినవాడు మెసేజ్ ఎలా పెడతాడు?

ఆయన జేబులు తడుముతుంది. కళ్లజోడు ఉంది. పర్సు ఉంది. ఫోన్ లేదు.

ఆమె కుర్చీ చెయ్యి పట్టుకుని నిలబడుతుంది.

యుద్ధం ముదరగానే ఎంబసీ పక్క దేశానికి మారిపోయింది. ఇక్కడ చిక్కుకుపోయిన తన దేశస్థులకు హెచ్చరికలు చేర్చే పని వీధికొకరికి అప్పగించింది. వాళ్లే వార్డెన్లు. జీతం భత్యం లేని కొలువు, మాటలు పడడం మాత్రం పుష్కలం. ఈ వీధికి డెంటిస్ట్, వెనక వీధికి ఆమె. రూలు ఒక్కటే. ఎంబసీ నంబరు నుంచి వస్తేనే నమ్మాలి.

కానీ సిగ్నల్ ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి. అందుకని వార్డెన్లు ఓ అలవాటు చేసుకున్నారు. ముందు ఎవరికి అందితే వాళ్లు మిగతా వాళ్లకు పంపేస్తారు. డాక్టర్ గారు పంపారంటే ఎంబసీ పంపినట్టే.

ఇన్నాళ్లూ ఆ అలవాటే అందర్నీ కాపాడింది. ఇవాళ అదే కొంప ముంచింది!

ఇంకో అలవాటు కూడా ఉంది. హెచ్చరిక అందుకున్నవాళ్లు "అందింది" అని తిరిగి చెప్పాలి. మధ్యాహ్నం ఆమె "టేపులు అంటించేశాను సార్" అని పెట్టింది. ఆయన "అందింది" అనలేదు. ఎప్పుడూ అననివాడు కాదు. పొద్దుగూకేదాకా ఎదురుచూసి, మనసు ఊరుకోక, కర్ఫ్యూలో ప్రాణాలకు తెగించి వచ్చింది.

వచ్చి ఇది చూసింది.

గుర్ర్ర్...

చేతిలో ఫోన్ వణుకుతుంది. సిగ్నల్! ఎంబసీ నంబరు!

*అత్యవసర హెచ్చరిక. ఇళ్లకు గుర్తులు పెట్టమని వచ్చే సందేశాలు ఎంబసీవి కావు. గుర్తులున్న ఇళ్లలోని విదేశీయులను సాయుధ ముఠాలు ఎత్తుకుపోతున్నాయి. గుర్తులు వెంటనే తీసేయండి.*

కింద ఇంకేదో ఉంది. ఇంకో రెండు లైన్లు...

వీధి చివర ఇంజను చప్పుడు!

ఆమె ఫోన్ ఆర్పేస్తుంది. కిటికీ పక్కన గోడకు అతుక్కుపోతుంది.

లారీ. హెడ్‌లైట్లు లేవు. నడక వేగంతో వస్తోంది, కూరగాయల బండిలా. వెనక నిలబడి కొందరు మనుషులు. ముందు ఒకడు నడుస్తున్నాడు. చేతిలో టార్చి. ఒంటిమీద రెయిన్‌కోటు.

వాన లేదు. మబ్బు కూడా లేదు.

వానలేనప్పుడు రెయిన్‌కోటు ఎందుకో ఒక్క క్షణం అర్థం కాదు. తర్వాత అర్థమవుతుంది. బట్టలు పాడవకుండా!

ఆమె నోరు రెండు చేతులతో మూసుకుంటుంది.

రెయిన్‌కోటు ఎదురింటి ముందు ఆగుతాడు. టార్చి వెలుగు తలుపు మీద పాకుతుంది. పైకి. ఎడమ మూలకి. నీలం టేపు తళుక్కుమంటుంది.

వాడు తలుపు పగలగొట్టడు. మెత్తగా తడతాడు. చుట్టపు చూపుగా వచ్చినవాడిలా.

తలుపు తెరుచుకుంటుంది. గడియారాల తాత! వాచీలు బాగుచేసుకుని బతికే ముసలాయన. టోపీ పెట్టుకున్నాడు, కోటు వేసుకున్నాడు, చేతిలో సూట్‌కేసు పట్టుకుని తయారుగా ఉన్నాడు.

"బస్సొచ్చిందా బాబూ?"

రెయిన్‌కోటు తల ఊపుతాడు. మర్యాదగా సూట్‌కేసు అందుకుంటాడు. తాత లారీ వైపు రెండడుగులు వేస్తాడు. చూస్తాడు. ఆగుతాడు.

"ఇది బస్సు కాదే..."

తుపాకీ మడమ తాత తల వెనక పడుతుంది. చప్పుడు ఎక్కువ లేదు. ఇద్దరు ఆయన్ని ఎత్తి లారీలో వేస్తారు. టోపీ రోడ్డు మీదే ఉండిపోతుంది.

అరవాలి. పరిగెత్తి వెళ్లాలి. ఏదో ఒకటి చెయ్యాలి. ఆమె ఏమీ చెయ్యదు. చెయ్యలేదు.

రెయిన్‌కోటు జేబులోంచి ఫోన్ తీసి చూస్తాడు. వెనక కవరు మీద పన్ను బొమ్మ. డెంటిస్ట్ ఫోన్!

"వెనక వీధి," అంటాడు వాళ్ల భాషలో. ఇక్కడ ఐదేళ్లుగా ఉంటోంది ఆమె. ఆ భాష బాగానే వచ్చు. "ఆరంతస్తుల బిల్డింగు. అక్కడ చాలామంది ఉన్నారు."

ఆమె బిల్డింగు!

అత్తయ్య ఒక్కతే ఉంది ఇంట్లో!

*

పరుగు.

డెంటిస్ట్ ఇంటి వెనక తలుపు. సందు. చెత్త డబ్బాలు. బట్టలారేసిన తీగ మెడకు తగిలి వెనక్కి విసిరేస్తుంది. లేస్తుంది. మళ్లీ పరుగు. లారీ చుట్టుదారిన రావాలి, తను గోడ దూకితే చాలు. ఆమెకు దొరికిన వ్యవధి అంతే.

ఈ వయసులో గోడలు దూకడమేమిటి అనుకునే తీరిక లేదు. ఎక్కుతుంది. దూకుతుంది. ఫోన్ జేబులోంచి జారి రాళ్ల మీద పడి రెండు ముక్కలవుతుంది.

పోతే పోయింది!

ఒక చెప్పు గోడ అవతలే ఉండిపోయింది. రెండోది తనే విసిరేస్తుంది.

అత్తయ్య... అత్తయ్య... అదొక్కటే మెదడులో మోగుతోంది.

అసలు అత్తయ్య ఇక్కడ ఉండాల్సిన మనిషే కాదు. ఆమె భర్త, అత్తయ్య కొడుకు, ఓడలో ఇంజనీరు, ఏ సముద్రంలో ఉన్నాడో. కోడలికి టైఫాయిడ్ అని విని, అత్తయ్య పెట్టె సర్దుకుని దిగిపోయింది. అప్పటికే ప్రభుత్వం గట్టిగా చెప్తోంది. ఆ దేశానికి ప్రయాణాలు మానుకోండి, మానుకోండి అని.

"మానుకోమంటే మానుకుంటారా ఎవరైనా? నా కోడలు మంచం పట్టి ఉంటే, గవర్నమెంటొచ్చి గంజి కాచిస్తుందా?" అంది దిగీదిగగానే.

"అత్తయ్యా, నేను వార్డెన్ని. మా అత్తగారే హెచ్చరిక లెక్కచెయ్యలేదంటే నా మాట ఎవరు వింటారు?"

"వినకపోతే మానె. నువ్వు గంజి తాగు."

జ్వరం తగ్గింది. విమానాలు ఆగిపోయాయి. అత్తయ్య ఉండిపోయింది. ఆమె ఎలాగైనా ఈవిడను క్షేమంగా ఇంటికి చేర్చాలి. అంతకుమించి ఈ యుద్ధంలో ఆమెకు ఇంకే కోరికా లేదు.

వెనక గేటు! తాళం తీసి, తెరిచి, అలాగే వదిలేసి లోపలికి దూరుతుంది.

బిల్డింగుకు రెండు మెట్లదారులు. ముందు సిమెంటు మెట్లు. వెనక, ప్రతి వంటింటినీ తాకుతూ పోయే ఇనప మెట్లు. గుర్తులన్నీ ముందు తలుపులకే ఉన్నాయి.

కరెంటు లేదు. చీకట్లో గోడ పట్టుకుని ముందు వైపు చేరుతుంది. గ్రిల్ గేటు అవతల వీధి మలుపులో ఇంజను చప్పుడు.

వస్తున్నారు!

మొదటి అంతస్తు. వెల్డర్ తలుపు. ఎడమ మూల తడుముతుంది. టేపు అంచు దొరకదు. మధ్యాహ్నం తనే చెంచా వెనక భాగంతో రుద్ది రుద్ది అంటించింది, ఊడిపోకూడదని. తాను తవ్విన గోతిలో తానే పడడమంటే ఇదే!

గోరు విరుగుతుంది. ఇంకో గోరు. టేపు చిర్రుమంటూ ఊడి వస్తుంది. పిడికిట్లో కుక్కుకుంటుంది.

"నేనే..." తలుపు సందులో గుసగుసలాడుతుంది. "చప్పుడు చెయ్యకండి."

లోపలి నుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు.

సంతోషిస్తుంది. తను నేర్పిందే. చీకటి పడ్డాక ఎవరు పిలిచినా తలుపు దగ్గర పలక్కూడదు. సిగ్నల్ లేనప్పుడు వంటింట్లో నీళ్ల పైపు మీద మూడు దెబ్బలు కొట్టాలి. మూడు దెబ్బలంటే "అందింది". కింద మోటారు దగ్గర్నుంచి పైన ట్యాంకు దాకా ఒకటే పైపు. ఒక వంటింట్లో కొడితే అన్ని వంటిళ్లలోనూ మోగుతుంది.

బిల్డింగంతా కొడుతుంది. ఒక్క అత్తయ్య తప్ప.

"నేనేమన్నా పోస్టాఫీసునా, అందింది అందింది అని ముద్రలు గుద్దడానికి? నాకందిందో లేదో నా మొహం చూస్తే తెలీదా నీకు?"

రెండో అంతస్తు. తన తలుపు. టేపు లాగుతుంది. "అత్తయ్యా, లోపలే ఉండు. నేను వస్తున్నా."

నిశ్శబ్దం.

నిద్రపోయి ఉంటుంది. పడుకుందంటే పక్కన పిడుగు పడ్డా లేవదు.

కింద గ్రిల్ గేటు గణగణమంటుంది. గొలుసు మీద ఇనప కడ్డీ పడుతోంది.

మూడో అంతస్తు. నర్సు, ఆమె చంటిపిల్ల. టేపు ఊడింది. పిల్ల ఏడవడం లేదు. పిల్ల ఏడవకపోవడమే పదివేలు.

నాలుగు. లెక్కల మాస్టారు, ఆయన భార్య. వార్డెనమ్మా అని ఆమెకు పేరు పెట్టింది ఈ మాస్టారే. హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ ఆమె ఆయనకే ఎక్కువ చెప్పాల్సి వచ్చేది. "సగం చదివి ఫోన్ పక్కన పెట్టకండి మాస్టారూ. ఆఖరి లైను దాకా చదవండి. అసలు సంగతి ఆఖర్లోనే ఉంటుంది."

చిర్ర్! ఊడింది.

కింద గొలుసు తెగి నేల మీద పడుతుంది. బూట్లు. చాలా బూట్లు.

ఐదు. ఫ్రిజ్ మెకానిక్, వాళ్ల తమ్ముడు. ఊడిరా... ఊడిరా తల్లీ... పళ్లతో లాగుతుంది. జిగురు చేదుగా నోట్లోకి వస్తుంది. ఊడింది!

అయిదూ అయిపోయాయి. గోడకు చేరగిలబడుతుంది. గుండె చప్పుడు కిందికి వినపడుతుందేమోనని భయం వేస్తుంది. రోజూ రోగులకు చెప్పే మాటే తనకు చెప్పుకుంటుంది. ఊపిరి బిగపట్టండి. కదలకండి.

కింద గొంతులు.

"గుర్తు లేదు అన్నా. ఈ తలుపుకీ లేదు."

"పై అంతస్తు చూడు."

"ఇక్కడా లేదు."

రెయిన్‌కోటు గొంతు, నింపాదిగా.

"మధ్యాహ్నం అంటించేశానని ఇక్కడి వార్డెనే చెప్పింది. ఉండి తీరాలి. సరే... కింద నుంచి మొదలుపెట్టండి. ఒక్క తలుపు కూడా వదలొద్దు."



గుర్తు ఉంటే ఐదు తలుపులు పోతాయి. గుర్తు లేకపోతే అన్ని తలుపులూ పోతాయి! రెండో అంతస్తు తలుపు వాళ్ల పక్కనే ఉంది. పాతకాలపు చెక్క. రెండు దెబ్బలు చాలు.

ఆలోచించు... ఆలోచించు...

వాళ్లకో గుర్తు కావాలి. అంతేగా?

ఇస్తే సరి!

తల పైకెత్తి చూస్తుంది. ఆరో అంతస్తు. లాయరు ఫ్లాటు. యుద్ధానికి ముందే సామానంతా ఎత్తుకుని ఊరొదిలి పోయాడు. తాళంచెవి వెల్డర్‌కు ఇచ్చాడు. తలుపు మాత్రం ఇనప రేకుతో చేసినది, మహా గట్టిది. దాన్ని పగలగొట్టేసరికి వీళ్లకు చెమటలు పడతాయి. ఈలోగా తను ఇనప మెట్లమీదుగా ఒక్కో వంటింటి తలుపూ కొట్టి, అందర్నీ వెనక గేటు దాటించేస్తుంది.

ఆమె మునివేళ్ల మీద పైకి పరిగెడుతుంది.

పిడికిలి విప్పుతుంది. ఉండ చుట్టుకుపోయిన టేపుల్లోంచి ఒకటి విడదీసి, లాయరు తలుపు మీద, పైన ఎడమ మూల, అంటిస్తుంది. బొటనవేలితో గట్టిగా రుద్దుతుంది.

కావాలనే కాలితో తలుపును ఒక్క తన్ను తంతుంది. ధన్!

"పైన!" కింద ఎవడో అరుస్తాడు. "పైన ఉన్నారు!"

బూట్లు పైకి మళ్లుతాయి.

రండి. రండి నాయనా. మీకోసమే పెట్టాను!

డాబా మీదికి. అక్కడ్నుంచి ఇనప మెట్ల మీదికి. లోపల ఎక్కడో చిన్న గర్వం. లాయరు వంటింటి తలుపు పక్కనుంచే పిల్లిలా జారుకుంటూ కిందికి దిగుతుంది.

ఐదో అంతస్తు వంటిల్లు. టకటక. పలకరు.

నాలుగు. పలకరు.

మూడు. నర్సు వంటింటి తలుపు చెయ్యి తగలగానే తెరుచుకుంటుంది. ఉయ్యాల ఖాళీగా ఉంది.

ఆమె ఆగుతుంది.

ఇదేమిటి?

రెండు. తన వంటిల్లు. ఇదీ తీసే ఉంది. "అత్తయ్యా!"

మంచం ఖాళీ. దుప్పటి లేదు. మందుల సంచీ లేదు. కళ్లజోడు లేదు. గూట్లో అత్తయ్య ఫోన్ మాత్రం ఉంది. ఎక్కడికెళ్లినా మరిచిపోయేది ఆ ఒక్క వస్తువునే. దాని తెర ఇంకా వెలుగుతోంది.

ఎంబసీ హెచ్చరిక. తనకొచ్చిందే. తను సగం చదివి పరిగెత్తిందే.

*...గుర్తులు వెంటనే తీసేయండి. తీయడం కుదరకపోతే మీ ఇంట్లో ఉండకండి. అదే భవనంలో ఖాళీగా ఉన్న ఫ్లాట్‌లోకి అందరూ చేరండి. వార్డెన్ వచ్చి పిలిచేవరకు తలుపు తీయకండి, పలకకండి.*

ఆమె చదువుతుంది. మళ్లీ చదువుతుంది.

వాళ్లు ఆఖరి లైను దాకా చదివారు. తను చెప్పినట్టే చదివారు. టేపులు ఊడలేదు. వెల్డర్ దగ్గర తాళంచెవి ఉంది. వెనక మెట్ల మీదుగా అందరూ...

లాయరు ఫ్లాట్లో ఉన్నారు!

అత్తయ్య, చంటిపిల్ల, మాస్టారు, అందరూ ఆ తలుపు వెనకే ఉన్నారు. ఆ తలుపుకే తను గుర్తు పెట్టింది. తన్ని మరీ పిలిచింది. ఆ వంటింటి పక్కనుంచే జారుకుంటూ వచ్చింది. తన అడుగుల చప్పుడు విని లోపల వాళ్లు ఊపిరి బిగపట్టి ఉంటారు!

"అమ్మో..."

మోకాళ్ల మీద కూలబడుతుంది. ఇంక నావల్ల కాదు. ఇక్కడే, ఈ వంటింటి గట్టు కింద దూరి, చెవులు మూసుకుని...

పైన, చాలా పైన, ఇనప రేకు మీద మొదటి దెబ్బ.

ఢణ్!

లేస్తుంది.

ఇనప మెట్లెక్కి వెళ్లేలోగా అంతా అయిపోతుంది. కాళ్లకంటే గొంతు ముందు చేరుతుంది. వార్డెన్ పిలిస్తే తప్ప వాళ్లు కదలరు. పిలవాలి. కానీ ఏమని పిలుస్తుంది, ఆ ముష్కరుల ఎదురుగా? తన భాష వాళ్లకు రాదు, కానీ మామూలుగా కేకేస్తే కబురు చెప్తోందని పసిగట్టేస్తారు.

అప్పుడు గుర్తొస్తుంది. ఆమె నాన్న పోయినట్టు ఫోన్ వచ్చిన రోజు. మూల కూర్చుని చప్పుడు లేకుండా ఏడ్చింది. అత్తయ్య పక్కన చేరి వీపు నిమురుతూనే దెప్పింది. "ఏడిస్తే నాలుగిళ్లకి వినపడాలే అమ్మాయ్. నీది ఏడుపా, జలుబా? మా కోడలికి ఏడవడం కూడా రాదు!"

ముందు తలుపు తీస్తుంది. మెట్ల మీదికి వస్తుంది. తల పైకెత్తుతుంది.

గుండెలు బాదుకుంటూ రాగం అందుకుంటుంది.

"ఓ అత్తయ్యో...! ఓ నా అత్తయ్యో...!"

పైన దెబ్బలు ఆగుతాయి. టార్చి వెలుగు కిందికి పడుతుంది.

"నేనే వచ్చానే అత్తయ్యో... నీ వార్డెన్ కోడలు వచ్చిందే... వంటింటి తలుపు తియ్యండో... ఇనప మెట్లు దిగిపొండో...!"

ఇద్దరు దడదడమంటూ దిగివస్తారు. జుట్టు పట్టుకుంటారు. పైకి ఈడుస్తారు. ఆమె రైలింగు కమ్మీ పట్టుకుంటుంది. వేళ్ల మీద బూటు పడుతుంది. వదిలి, పై కమ్మీ పట్టుకుంటుంది. ఏడుపు ఆపదు.

"దీపం వెలిగించకండో... చంటిదాని నోరు మూయండో... వెనక గేటు తీసే పెట్టానో...!"

"ఏమంటోందిది?" పైనుంచి రెయిన్‌కోటు.

"ఏడుస్తోందన్నా. లోపల వాళ్లమ్మ ఉన్నట్టుంది."

"ఏడవనీ. మీరు కానివ్వండి."

ఢణ్! ఢణ్!

"ఆసుపత్రికి పొండో... ఎక్స్‌రే గదిలో దాక్కోండో... ఆఖరి మాట దాకా వినండో నా తండ్రుల్లారా... నాకోసం ఆగకండో... అత్తయ్యో, నువ్వు అస్సలు ఆగకే...!"

కన్నీళ్లు నిజమైనవే. గొంతులో వణుకు నిజమైనదే. జీవితంలో మొదటిసారి ఆమె నాలుగిళ్లకి వినపడేలా ఏడుస్తోంది.

లోపల ఏ చప్పుడూ లేదు. విన్నారో లేదో తెలియదు. ఇనప మెట్ల మీద అడుగులు పడ్డాయో లేదో ఈ దెబ్బల్లో తెలియదు. అదే అన్నిటికంటే భయంగా ఉంది.

తలుపు ఒరిగిపోతుంది.

టార్చీలు లోపలికి దూకుతాయి. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంటుంది. పిల్ల ఏడుపు కోసం, అత్తయ్య కేక కోసం చెవులు రిక్కిస్తుంది.

"ఎవరూ లేరన్నా!"

కళ్లు తెరుస్తుంది.

"దుప్పట్లున్నాయి. పాలసీసా ఉంది, ఇంకా వెచ్చగానే ఉంది. మనుషుల్లేరు!"

రెయిన్‌కోటు నెమ్మదిగా ఆమె ముందుకు వచ్చి గొంతుక్కూర్చుంటాడు. ఆమె పిడికిలి పట్టుకుని ఒక్కో వేలూ విప్పుతాడు. నలిగిపోయిన నీలం టేపులు. వాటిని చూస్తాడు. విరిగిన గోళ్లను చూస్తాడు. ఆమె మొహంలోకి చూస్తాడు.

"ఏడ్చావనుకున్నాను," అంటాడు.

ఆమె పిడికిలి మళ్లీ ముడుచుకుంటుంది.

"ఎక్కడున్నారు?"

ఆమె పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

తుపాకీ గొట్టం నుదుటికి ఆనుతుంది. చల్లగా ఉంది. ఎక్స్‌రే బల్ల మీద వీపు ఆనగానే రోగులు ఇలాగే ఉలిక్కిపడేవాళ్లు.

"చివరిసారి అడుగుతున్నా. ఎక్కడ?"

అప్పుడు...

టంగ్.

కింద, ఎక్కడో చాలా కింద. మోటారు దగ్గర్నుంచి. బిల్డింగు పొడవునా నీళ్ల పైపు మోగుతుంది.

టంగ్.

వద్దు అత్తయ్యా! వద్దే! ఆగకని చెప్పాను కదే!

టంగ్.

మూడు.

అందరూ గేటు దాటాకే కొట్టి ఉంటుంది. ఎవర్నీ కొట్టనివ్వకుండా తనే కొట్టి ఉంటుంది. ఇన్నాళ్లూ ఒక్కసారి కూడా కొట్టని మనిషి!

రెయిన్‌కోటు తల తిప్పుతాడు. "ఏంటా చప్పుడు?"

ఆమె వణుకు ఆగిపోయింది. వాళ్ల భాషలోనే, చాలా మామూలుగా జవాబిస్తుంది.

"నీళ్ల పైపు. కరెంటు లేకపోతే గాలి పట్టి అలాగే మోగుతుంది."

వాడు వింటాడు. పైపు మళ్లీ మోగదు. మనుషులు వెళ్లిపోయిన వంటిళ్లన్నీ నిశ్శబ్దంగా ఉన్నాయి.

వాడి వేలు బిగుసుకుంటుంది.

ఆమె కళ్లు మూసుకుంటుంది. తన భాషలో, తనకు మాత్రమే వినపడేంత మెల్లగా అంటుంది.

"అందింది అత్తయ్యా."

ఢాం!